మొవ్వు కదిలిందా?

హాంప్డెన్,
జూలై 3

అక్కా,

ఈ ఉత్తరం చదివి నన్ను తిడతావు. తిట్టు. తిట్టడం అయ్యాక ఏం చేయాలో కూడా రాయి. ఇక్కడ నా కొంప మునిగేటట్టుంది.

నీ మరదలు రోనా నికావు చెట్టుని మంచు కొట్టేసింది.

వాళ్ళక్క థెల్మా తుంటి విరిగిందని రోనా మే నెలాఖరులో పుట్టిన ఊరు కరమేయా వెళ్ళింది కదా. అక్క మంచం దిగి నడిచేదాకా ఉండి వస్తానంది. వెళ్తూ వెళ్తూ నాకు మూడు అప్పగింతలు పెట్టింది: కోళ్ళు, పొగగొట్టం, నికావు. "ఈ చలికాలం రేడియోలో మంచు అని చెప్పినప్పుడల్లా సాయంత్రం ఉన్ని నింపే గోనె బస్తా కప్పు, పొద్దున్నే తీసెయ్యి. ఒక్కరోజు కూడా మరవకు బెవన్" అని కారు కదిలాక కూడా అద్దం దించి చెప్పింది. ఆ చెట్టు సంగతి నీకు తెలియనిదా! వాళ్ళమ్మ ఇల్లు ఏటి వరదలో కొట్టుకుపోయిన ఏడాది, ఖాళీ పెరట్లో మిగిలిన నికావు కింద గింజలు ఏరుకొచ్చి జాడీలో మొలిపించింది. ఇరవయ్యారేళ్ళకి నా మోకాలెత్తు కాండం వచ్చింది. ఈ చలి ఊళ్ళో తన పుట్టింటిదని చెప్పుకోవడానికి రోనాకి అదొక్కటే ఉంది.

నేను కప్పాను అక్కా. రోజూ కప్పాను, రోజూ తీశాను. జూన్ ఇరవై మధ్యాహ్నం దాకా. అప్పుడు మానియటోటో నుంచి ఫోను. చెరువు గట్టిగా గడ్డకట్టిందిట, మంచు మీద రాళ్ళు జార్చి, వాటి ముందు చీపుర్లతో ఊడ్చే కర్లింగ్ పోటీ రేపే మొదలుట, నీ రాళ్ళు తీసుకుని వచ్చెయ్ అని. తొమ్మిదేళ్ళ తర్వాత! ఆ కబురు వస్తే ఎవరాగుతారు చెప్పు? సగం మేకు కొట్టి సుత్తి అక్కడే పారేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. నేనైతే బాధ్యతగానే వెళ్ళాను. పాత గోనె బస్తా బదులు ఇప్పుడు వస్తున్న తెల్ల నైలాన్ బస్తాలు రెండు తొడిగి, తాడు బిగించి, మూడు రోజులకి సరిపడా జాగ్రత్త చేశాననుకున్నాను.

చెరువుని గడ్డకట్టించే మంచు చెరువు దగ్గరే ఆగిపోతుందా? తిరిగొచ్చి విప్పితే బస్తా లోపలంతా చెమట పట్టి, ఆ చెమటే గడ్డకట్టి ఉంది. ఇప్పుడు మట్టలన్నీ ఉడికిన బచ్చలాకుల్లా వేలాడుతున్నాయి.

రోనాకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నా మీద ఒట్టు.

నీ తమ్ముడు,
బెవన్


ఫాంగరే,
జూలై 10

చెరువులు ఊడ్చే మా తమ్ముడికి,

అరవై రెండేళ్ళొచ్చాయి. చీపురు పట్టుకుని గడ్డకట్టిన చెరువు ఊడవడానికి రెండున్నర గంటలు కారు తోలావు. ఇంట్లో ఎప్పుడైనా చీపురు ముట్టుకున్నావా? రోనానడిగితే చెబుతుంది.

నైలాన్ బస్తా ఏమిట్రా నీ మొహం! గోనెకి గాలాడుతుంది, నైలాన్‌కి ఆడదు. నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించి బతికావు. తడి ఉన్ని ఆ బస్తాలో కుక్కితే ఏమవుతుందో కొత్తగా వచ్చిన కూలివాడిక్కూడా తెలుసు. చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా ఎక్కడ పోయింది?

సరే, విను. మట్టలు కోయకు. ఎంత అసహ్యంగా ఉన్నా కోయకు. చచ్చిన మట్టలే ఇప్పుడు లోపలున్న మొవ్వుకి దుప్పటి. నీళ్ళు పోయకు, ఎరువు అసలే వేయకు, జ్వరంతో పడుకున్నవాడికి ఎవరూ విందు పెట్టరు. నాలుగు కర్రలు పాతి, పాత దుప్పటి ఆకుకి తగలకుండా కప్పు. పొద్దున మంచు కరిగాక తియ్యి. తూర్పు ఎండ మొదట దానిమీద పడకుండా ఏదైనా అడ్డం పెట్టు. గడ్డకట్టిన ఆకు తొందరగా కరిగితే ఇంకా చెడుతుంది.

ఇక నడుమ ఈటెలాగా నిలబడి, ఇంకా విచ్చుకోని ఆకుంటుంది చూడు, ఆ మొవ్వుని రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూడు. మెల్లగా! గట్టిగా నిలబడితే నీ అదృష్టం. ఊడి చేతికొస్తే వెంటనే నాకు రాయి. తాటి, కొబ్బరిలాగే ఈ జాతికి పక్కకొమ్మలుండవు, ఉన్నదొక్కటే గుండె.

ఒట్టు పెట్టావు కాబట్టి నోరు మూసుకుంటాను. కానీ రోనాకి నువ్వే చెప్పు. దాచిన కొద్దీ బరువు పెరుగుతుంది.

కోళ్ళైనా బతికున్నాయా?

నీ అక్క,
ఏవిస్


హాంప్డెన్,
జూలై 21

అక్కా,

కోళ్ళు దివ్యంగా ఉన్నాయి.

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మట్టలన్నీ కోసేశాను. కోపగించుకోకు. ఉన్ని తీసిన చెయ్యి ఇది, ఏదైనా ఒంటిమీద వేలాడుతుంటే ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే శుభ్రంగా గుండు చేసి, మట్టలు చలిమంటలో వేసి, చాలా బాగా చేశానని టీ తాగుతూ కూర్చున్నాను. మర్నాడు నీ ఉత్తరం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా మిగల్లేదు.

మొవ్వుని లాగాను. మెల్లగానే లాగాను అక్కా, నిజం. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు వచ్చేసింది. కింది కొస గోధుమరంగులో మెత్తబడి, నెల్లాళ్ళు మార్చని పూలకుండీ నీళ్ళ వాసన. దాన్ని పట్టుకుని పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. పక్కింటి క్లారీ కంచె మీదనుంచి "ఏంటి బెవన్, ఎవరిని పొడవబోతున్నావ్?" అన్నాడు.

ఒక ఆలోచన వచ్చింది. నీ నర్సరీలో నికావులు వరసలుగా ఉంటాయి కదా. ఇదే ఎత్తుది, మోకాలెత్తు కాండంతో, ఒకటి లారీలో పంపగలవా? రోనా వచ్చేలోగా అదే గోతిలో నాటేస్తాను. టైము కోసం ఆమెకి ఇలా రాశాను: "నాకోసం తొందరేం లేదు. థెల్మా బాగా కోలుకునేదాకా ఉండు. నేనిక్కడ హాయిగా ఉన్నాను." బాగానే రాశాను కదా?

నీ బెవన్


ఫాంగరే,
జూలై 28

బెవన్,

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట నీలాంటివాడు.

పంపను. నా నర్సరీలో ఒక్క చెట్టు కూడా పెళ్ళాన్ని మోసం చేయడానికి పెంచలేదు. రోనా ఇరవయ్యారేళ్ళు ఆ ఆకుల్ని తడిగుడ్డతో తుడిచింది. ఊయల్లో బిడ్డని మార్చేస్తే తల్లి గుర్తుపట్టదనుకున్నావా?

చెట్టు ఇంకా చావలేదు. మొవ్వు ఊడినంత మాత్రాన లోపలి గుండె పోయినట్టు కాదు. నా దగ్గర ఇలాంటివి బతికినవి ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి. అబద్ధం చెప్పను. ఒక చెంచాకి గుడ్డ చుట్టి, మొవ్వు ఊడిన గుంటలో కుళ్ళిందంతా తుడిచెయ్యి. తెల్లగా, గట్టిగా కనబడేదాకా. ఆ తర్వాత మైలుతుత్తం, సున్నం విడివిడిగా నీళ్ళలో కలిపి, రెండూ కలిపి, పలచగా ఆ గుంటలో పొయ్యి. పది రోజులాగి మళ్ళీ ఒకసారి. అన్నిటికంటే ముఖ్యం, వాన పడనివ్వకు. చలికంటే ఇప్పుడు తడే దాన్ని చంపేది. గొడుగు కట్టినా సరే.

ఎప్పటికైనా లోపల్నుంచి వేలంత కొత్త మొవ్వు కనబడితే, దాని మీదా, పక్కన నువ్వు కోసిన మట్ట మొదలు మీదా కలిపి అడ్డంగా ఒక గీత గియ్యి. రెండు గీతలూ ఎడమైతే చెట్టు పెరుగుతోందన్నమాట. ఎడమవకపోతే ఇక ఆశ పెట్టుకోకు.

రోనా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. "వదినా, బెవన్ ఉత్తరాల్లో ఏదో తేడాగా ఉంది, చెట్టు గురించి ఒక్క ముక్క రాయడు" అంది. నేను వాతావరణం గురించి నాలుగు పేజీలు రాసి పంపాను. ఈ వయసులో నాతో దొంగ ఉత్తరాలు రాయిస్తున్నావు, గుర్తుపెట్టుకో.

ఏవిస్


హాంప్డెన్,
ఆగస్టు 24

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. గుంటలో తెల్లటిది కనబడింది, గట్టిగానే ఉంది. నాలుగు స్తంభాలు పాతి రేకు కప్పేశాను. కట్టెల కొట్లోంచి వైరు లాగి లోపల ఒక బల్బు వేలాడదీశాను, రాత్రిళ్ళు కొంచెం వెచ్చగా ఉంటుందని. క్లారీ రోజూ వచ్చి "కోడిపిల్లలు ఎప్పుడు బయటికొస్తాయ్?" అని అడుగుతున్నాడు. ఊళ్ళో సగంమంది నాకు మతి పోయిందనుకుంటున్నారు, మిగతా సగం వచ్చి చూసి మరీ అనుకుంటున్నారు.

పోయిన గురువారం కొత్త మొవ్వు కొస కనబడింది! నా చిటికెన వేలు గోరంత. గొర్రెలకి గుర్తు పెట్టే ఎర్ర సుద్దతో గీత గీశాను. రోజుకి మూడుసార్లు కళ్ళజోడు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. కదలడం లేదు అక్కా. గీత గీసినచోటే ఉంది.

నిన్న రోనా ఉత్తరం వచ్చింది. థెల్మా కర్రతో నడుస్తోందిట. రోనా మాత్రం క్రిస్మస్ దాకా అక్కడే ఉంటుందిట. "నీకూ తొందర లేదన్నావు కదా" అని రాసింది. ఏటి ముఖద్వారంలో చిన్నచేపలు పడుతున్నాయిట, రోజూ గుడ్డులో కలిపి అట్లు పోసుకుంటున్నారుట. పొద్దున కిటికీ తెరిస్తే కొండంతా నికావులేనట. అంత సంతోషంగా ఈ ఇంటి నుంచి ఆమె ఎవరికీ ఉత్తరం రాసి ఉండదు.

నీతో తప్ప ఎవరితోనూ అనలేను. పెళ్ళైనప్పుడు నేను ఆమెని ఈ చలికి తీసుకొచ్చాను. నలభై చలికాలాలు నా కోసం ఉన్ని మేజోళ్ళు వేసుకుని బతికింది. ఈ చెట్టు కూడా పోతే ఇక్కడ ఆమెకి మిగిలేది నేనొక్కణ్ణే. నేను చాలతానో లేదో నాకు తెలియదు. చెట్టు బతకాలి అక్కా. అది బతికితే వస్తుంది.

చీజ్ రొట్టెలు తిని తిని నాలుక చచ్చింది.

బెవన్


ఫాంగరే,
సెప్టెంబర్ 1

నా తమ్ముడు బెవన్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నిన్ను పట్టుకుని ఊపాలనిపించింది.

ఇది రోనా నాకు రాసింది. నీకు చూపించనని మాటివ్వలేదు కాబట్టి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"వదినా, నిన్నొకటి అడగనా. నేను లేకుండా ఉండడం బెవన్‌కి అలవాటైపోయిందేమో. ప్రతి ఉత్తరంలో తొందరేం లేదు, ఉండు, నేను హాయిగా ఉన్నాను అంటాడు. నలభై ఏళ్ళలో నేను పక్క ఊరికెళ్ళి ఒక రాత్రి ఆగితే చాలు, ఉప్పు డబ్బా ఎక్కడుందని ఫోను చేసేవాడు. ఇప్పుడు మూడు నెలలైంది, ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఉప్పు డబ్బా దొరికినట్టుంది."

చూశావా నువ్వేం చేశావో? చెట్టుకి టైము కావాలని నువ్వు ఉండమంటున్నావు. నువ్వు వద్దంటున్నావని ఆమె ఉంటోంది. ఆమె ఉంటోంది కాబట్టి ఇక రాదని నువ్వు ఏడుస్తున్నావు. మధ్యలో నేను వాతావరణం రాస్తున్నాను!

ఈరోజే కూర్చుని నిజం రాయి. చెట్టు, బస్తా, కర్లింగ్, గుండు, అన్నీ. చివర్న రమ్మని రాయి.

గీత గురించి కంగారు పడకు. చలినేలలో వేరు నిద్రలేవడానికి టైము పడుతుంది. రోజుకి మూడుసార్లు కాదు, వారానికొకసారి చూడు. నువ్వు ఊపిరి వదిలితేనే దానికి తెగులు వచ్చేలా ఉంది.

అక్క


హాంప్డెన్,
సెప్టెంబర్ 29

అక్కా,

కదిలింది! కదిలింది! బియ్యపు గింజంత. మొవ్వు మీది గీత పైకి పోయింది, మొదలు మీది గీత కిందే ఉంది. నేనే నమ్మక క్లారీని కంచె దూకించి చూపించాను. వాడు కళ్ళజోడు లేకుండానే చూసి "అవున్రోయ్" అన్నాడు. ఇద్దరం పట్టపగలే బీరు తాగాం.

రోనాకి నిజం ఇంకా రాయలేదు. అలా అరవకు. మూడుసార్లు మొదలుపెట్టాను. "ప్రియమైన రోనా, నీ చెట్టు" దాకా వస్తాను, అక్కడ కలం ఆగిపోతుంది. ఇంత దూరం వచ్చాక ఇంకో నెల ఆగితే ఆకు విచ్చుకుంటుంది కదా. బతికిన చెట్టు చూపించి చెబితే ఆ మాట వేరు. చచ్చిందని చెప్పి భయపెట్టడం ఎందుకు? అందుకని ఆమెకి మళ్ళీ "ఇక్కడంతా బాగుంది, నువ్వు నిదానంగా రా" అనే రాశాను.

మూడు వారాలు జవాబు లేదు. నిన్న ఒక కార్డు వచ్చింది. దాని మీద ఒకటే వాక్యం: "నా కుట్టుమిషను ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు."

అంత దూరం కుట్టుమిషను ఎందుకో నాకు అర్థం కాలేదు. థెల్మాకి కర్టెన్లు కుడుతోందేమో.

బెవన్


ఫాంగరే,
అక్టోబర్ 5

ఒరే,

కర్టెన్లు కాదురా మూర్ఖుడా. ఆడది తన కుట్టుమిషను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తెప్పించుకుంటోందంటే అర్థం తెలియదా? నువ్వు చెట్టుని బతికించుకుంటూ పెళ్ళాన్ని పోగొట్టుకుంటున్నావు.

ఇక ఉత్తరాలు వద్దు, నీకు రాయడం చేతకాదు. కారెక్కు. కుట్టుమిషను మాత్రం ఎక్కించకు.

వెళ్ళకపోతే ఈ ఆదివారం నేనే రోనాకి ఫోను చేసి మొత్తం చెప్పేస్తాను. ఒట్టు తప్పిన పాపం అరిగించుకుంటాను, నాకు గట్టి కడుపు.

నీ మంచి కోరి తిడుతున్న
అక్క


హాంప్డెన్,
నవంబర్ 8

అక్కా,

నర్సరీ మనిషివి, ముందు చెట్టు సంగతే అడుగుతావు. బతికింది. మొదటి ఆకు విచ్చుకుంది. వంకర టింకరగా, కొసలు ఎవరో కొరికినట్టు, చూడ్డానికి పాత చీపురులా ఉంది. దాని వెనకాల రెండోది వస్తోంది, అది పచ్చగా నిటారుగా ఉంది. రేకు తీసేశాను, బల్బు తీసేశాను.

ఇక మిగతాది విను. నీ ఉత్తరం అందినరోజు పొద్దున రేడియోలో ఆ రాత్రికి మళ్ళీ మంచు అన్నాడు. అక్టోబర్‌లో, చలికాలం వెళ్ళిపోయాక! మూలిగే నక్క మీద తాటిపండు. అప్పుడే మొవ్వు బయటికొచ్చి పసిపిల్లాడి వేలులా ఉంది. ఒక చేతిలో కారు తాళం, ఒక చేతిలో గోనె బస్తా పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. ఆగుదామనుకున్నాను, ఈ ఒక్క రాత్రికీ కాపలా ఉండి రేపు వెళ్దామని. మళ్ళీ నాకే అనిపించింది, జూలై నుంచీ నేను చేస్తున్నది ఇదే కదా అని. బస్తా క్లారీ చేతికిచ్చి, సాయంత్రం కప్పమని చెప్పి బయల్దేరాను.

క్లారీ మరిచిపోయాడు. ఆకు కొసలు అందుకే అలా ఉన్నాయి. తిట్టడానికి నాకు మొహం లేదు.

రెండోరోజు మధ్యాహ్నానికి కరమేయా చేరాను. రోనా మెట్ల మీద కూర్చుని చేపల వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి "ఎవరు పోయారు?" అంది. నేను "నికావు" అన్నాను. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నదంతా మరిచిపోయి నిలబడ్డచోటే మొత్తం చెప్పేశాను. బస్తా, చెరువు, గుండు, ఊడిన మొవ్వు, నిన్ను దొంగచెట్టు అడగడం కూడా. కర్లింగ్‌లో గెలిచారా అని అడిగింది. మొదటిరోజే ఓడిపోయామన్నాను. థెల్మా లోపల్నుంచి పకపకా నవ్వింది. రోనా నవ్వలేదు.

"ఇందుకా, మూడు నెలలుగా తొందరేం లేదు తొందరేం లేదు అని రాశావు?" అంది. అని మళ్ళీ మెట్టు మీద కూలబడి ఏడ్చింది అక్కా. నేను పెళ్ళినాటి నుంచీ ఆమె అలా ఏడవడం చూడలేదు. ఇంట్లోంచి ఏమేం తెప్పించుకోవాలో జాబితా కూడా రాసుకుందట. కుట్టుమిషను మొదటిది.

నేను పక్కన కూర్చున్నాను. "చెట్టు లేకపోతే నువ్వు ఆ ఇంటికి ఎందుకొస్తావులే అనుకున్నాను" అన్నాను. ఆ మాట ఆమె మొహం చూస్తూ అనలేకపోయాను, వల చూస్తూ అన్నాను.

రోనా నా గడ్డం పట్టుకుని మొహం కొండవైపు తిప్పింది. ఎదురుగా కొండ నిండా, సముద్రం దాకా, నికావులు.

"లెక్కపెట్టు" అంది. "పుట్టినప్పటి నుంచీ ఇవి నావే. చెట్టు కోసం బతికేదాన్నైతే నలభై ఏళ్ళ కిందట ఇక్కణ్ణుంచి కదిలేదాన్నా? ఇక్కడ లేనిది నాకు అక్కడ ఒక్కటే ఉంది, అది నాకు ఒక్కసారి కూడా రమ్మని రాయలేదు."

"రా" అన్నాను. రోనా లేచి పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.

లెక్కపెట్టమంది కదా అని కొండవైపే చూస్తూ కూర్చున్నాను, కానీ ఒక్క చెట్టూ సరిగా కనబడలేదు అక్కా.

నీ తమ్ముడు,
బెవన్